బండి విల్లు, కారు కమాను

లారీ క్రింద ఇరుసునకును చట్రమునకును నడుమ ఒకదానిపై నొకటిగా పేర్చి బిగించిన ఇనుపపట్టీలను మన మోటారు మేస్త్రీలు కమాను కట్టలందురు. కమాను అనునది పారసీకపు మాట. విల్లని దాని యర్థము. అరవ, మలయాళ దేశములలో స్ప్రింగులపై నిలిపిన ఎడ్లబండిని విల్లుబండి యనిరి. కొలిమికడ పుట్టిన పేరైనను వస్తుతత్త్వమును చక్కగా పట్టిన పేరు. వంగుట, వంగి మరల తన నిలుకడకు వచ్చుట, ఈ రెండే గదా విల్లునకు ధర్మములు! ఈ విల్లు బండిక్రిందికి ఎట్లు వచ్చినదో, వచ్చి యేమి చేసినదో నేడు మీకు విన్నవించెదను.

అమరసింహుడు తన కోశమున రథాంగముల పేరులను వరుసగా చెప్పినాడు. చక్రపు అంచు నేమి, నడిమిభాగము నాభి, ఇరుసుకొనను బిగించు సీల అణి, రథము క్రింది దారువు అనుకర్షము. కూబరము కలదు, యుగము కలదు. చిన్నతనమున గురువుగారియొద్ద ఈ వర్గమును వల్లించునప్పుడు నాకు తోచలేదు గాని, ఇందులో స్ప్రింగునకు పేరు లేదు. వస్తువు లేనిచోట పేరెట్లుండును?

మన యెడ్లబండికిని అంతియే. బండిపెట్టె ఇరుసుమీద నేరుగా కూర్చుండును. చక్రము గోతిలో దిగినప్పుడు ఆ దెబ్బ ఇరుసునకు, ఇరుసునుండి పెట్టెకు, పెట్టెనుండి కూర్చున్నవాని వెన్నునకు అడ్డులేక పోవును. మన పెద్దలకిది తెలియనిది కాదు. వరిగడ్డి దట్టముగా పరచి, దానిమీద పరుపు వేసి, ఆడువారిని పిల్లలను అందు కూర్చుండబెట్టి గూడుబండ్లు కట్టుచుండెడివారు. గంటకు రెండుమూడు మైళ్లు నడచు ఎద్దునకు అంతకుమించిన యేర్పాటుతో పనిలేదు. దెబ్బయొక్క బలము వేగమునుబట్టి యుండును. వేగము లేనినాడు గడ్డియే స్ప్రింగు.

పల్లకిలో పోవువారికి కుదుపు తెలియదని చెప్పుదురు. ఎట్లు తెలియును? ఆ కుదుపునంతయు బోయీల మోకాళ్లు భరించినవి. ఒకరి మెత్తదనమునకు మరియొకరి కీళ్లు ఖర్చయినవి. ఈ సంగతిని పల్లకి నెక్కినవారెవ్వరును వ్రాసిపెట్టినట్లు నేను చదువలేదు.

ఇక కావడి. వెదురు కావడిబద్ద అడుగడుగునకు వంగి లేచుచుండును. అలవాటుపడినవాడు తన నడకను ఆ యూపునకు సరిపడ సవరించుకొనును గనుక బిందెలలోని నీరు తొణకదు. క్రొత్తవాడెత్తినచో బద్ద యొక లయలోను, వాడొక లయలోను పోయి, ఊపు అంతకంతకు పెరిగి సగము నీరు దారిలోనే ఒలికిపోవును. స్ప్రింగుగల వాహనమునందలి చిక్కంతయు ఈ కావడిలోనే యున్నది. దీనిని జ్ఞప్తియందుంచుకొనుడు, ముందు పనిబడును.

గోదావరీమండలములలో విల్లుబండి ఆలస్యముగా ప్రచారమునకు వచ్చుటకు మరియొక హేతువు కలదని నా యభిప్రాయము. 1847లో ధవళేశ్వరముకడ కాటనుదొర ఆనకట్టపని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. పిమ్మట త్రవ్విన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక బాటలు గూడ నైనవి. ధవళేశ్వరమునుండి కాకినాడకు, ఏలూరికి, బెజవాడకు పడవలమీద జనులు పోయిరి, ధాన్యము పోయెను. గట్టుమీద మనుష్యులు త్రాడుతో లాగుచుండగా పడవ సాగుచుండెడిది. నీటికంటె మెత్తని స్ప్రింగును ఏ కమ్మరియు చేయలేడు. గట్టుమీది బాట మాత్రము నల్లరేగడి. వాన పడినచో బండి ఇరుసులమట్టునకు దిగబడును. అట్టి బురదలో విల్లున్ననేమి, లేకున్ననేమి? చేతిలో కాలువ యుండగా రోడ్డునుగూర్చి చింతించువారు తక్కువ.

రాళ్లు పరచి చదును చేసిన బాటలును, వడిగా పరువెత్తు గుఱ్ఱములును గల దేశములందు సంగతి వేరు. అచ్చట వేగమే విల్లును కనెను. ఇంగ్లండులో ఓబడయ్య ఇలియట్ అను బండ్ల తయారీదారు 1804లో ఒక పేటెంటు పొందెను. రెండు వంపుపట్టీల కట్టలను ఎదురెదురుగా కూర్చి, కోడిగ్రుడ్డు రూపున స్ప్రింగు చేసి, బండిపెట్టెను దానిమీద నిలుపుట ఆయన పద్ధతి. దానితో బండిక్రింది బరువైన దూలములు కొన్ని అక్కరలేకపోయెను, బండి తేలికయయ్యెను. ఆ జాతి కమానులే మన జట్కాబండ్ల క్రిందికిని వచ్చినవి. రాజమహేంద్రవరపు వీధులలో జట్కా ఎక్కిన పెద్దలు మీలో కొందరైనను ఉందురు. నడుము నొచ్చెనని మీరు చెప్పవచ్చును. కమాను లేనియెడల ఎంత నొచ్చియుండునో ఊహించుకొనుడు.

విల్లుబండి హోదాకు గుర్తయినది. హోదాకు గుర్తయిన వస్తువు కొందరికి నిషేధము గూడ నగును. తిరువాన్కూరు రాజ్యమున పులయ కులస్థులు రాజబాటలలో నడచుటయే తప్పుగా నెంచబడుచుండిన కాలమున, 1893లో, అయ్యంకాళి యను వీరుడు విల్లుబండి కొని, దానిలో కూర్చుండి బాటవెంట తోలించుకొనిపోయెను. అడ్డుకొనినవారిని ఎదుర్కొనెను. ఆ ప్రయాణమును మలయాళదేశమువారు నేటికిని విల్లుబండి యాత్ర యని స్మరించుచున్నారు. ఒక స్ప్రింగుబండి చరిత్రలో నిలిచిన ఘట్టములలో ఇంతకు మించినది నాకు తెలియదు.

మోటారుకారు వచ్చినతోడనే పాత కమానునకు క్రొత్త పరీక్ష వచ్చెను. జట్కా వేగమున కమాను పట్టీలు ఒకదానితో నొకటి ఒరసికొనుటచేతనే ఊపు తనంతట తాను అణగిపోవుచుండెను. వేగము నాలుగింతలు, ఎనిమిదింతలు కాగా ఆ యొరపిడి చాలలేదు. గోతిలో దిగిన చక్రము లేచి, లేచినది మరల పడి, పడి మరల లేచి, అలవాటులేని వాని కావడివలె కారు ఊగులాడసాగెను. ఇచ్చటనే ఒక ముఖ్యాంశము గలదు. స్ప్రింగు కూర్చున్నవాని సుఖముకొరకని మనమందరము అనుకొందుము. అది సగము మాత్రమే. చక్రము నేలను విడువకుండ చూచుట దాని రెండవ పని, పెద్దపని. నేల విడిచిన చక్రమునకు బ్రేకు పనిచేయదు, స్టీరింగు పనిచేయదు. అది గాలిలో తిరుగు బొంగరము.

కాబట్టి వంగించుటకొక సాధనము, ఊపును అణచుటకు మరియొక సాధనము కావలసివచ్చెను. ఈ రెండవదానినే షాక్ అబ్జార్బరు అందుము. ఫ్రాన్సుదేశమున ట్రుఫో అనునతడు కత్తెరవలె కదలు రెండు చేతుల నడుమ బిళ్ళలు ఒరసికొనునట్లు ఒకటి కల్పించెను. 1901లో పారిసునుండి బెర్లినువరకు జరిగిన కారుపందెమును మోర్సు అను ఫ్రెంచి కారుమీద హెన్రీ ఫూర్నియే గెలిచెను. కార్లకు ఇట్టి అణపుసాధనములు బిగించిన తొలివారిలో ఆ మోర్సు సంస్థవారును ఒకరు. తరువాతి కాలమున నూనెతో పనిచేయునవి వచ్చినవి. గొట్టములో నూనె, నూనెలో ముషలకము, దానికి సన్నని రంధ్రములు. చక్రము లేచినను దిగినను నూనె ఆ రంధ్రములగుండ బలవంతముగా పోవలెను. ఊపులోని శక్తి వేడిగా మారి గొట్టపు పైపూతమీదుగా గాలిలో కలిసిపోవును. దూరప్రయాణము చేసిన కారు చక్రము ప్రక్క చేయి పెట్టినచో ఆ వేడిమి తెలియును.

మన దక్షిణదేశపు కారొకటి ఈ విషయమున మంచి పాఠము. మద్రాసులోని స్టాండర్డు మోటారు సంస్థవారు 1961లో హెరాల్డు అను చిన్నకారును తయారుచేయ నారంభించిరి. 1959లో ఇంగ్లండులో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డే దీనికి మూలము. మూలమైన ఆ కారు చట్రమునే కురుచచేసి 1962లో అచ్చటివారు స్పిట్‌ఫైర్ అను రెండుసీట్ల పందెపు కారును గూడ చేసిరి. రెండింటికిని వెనుక ఒకే యేర్పాటు. ఇరుసు ఏకముగా నుండక నడిమి పెట్టెనుండి గొడుగు చువ్వలవలె రెండుగా విడి, ఒక్కొక్క చక్రము తనంతట తాను లేచి దిగుచుండును. పైని ఒక అడ్డకమాను. మామూలు ప్రయాణమునకిది సుఖము. మలుపులో వడిగా తిరుగుచు ఒక్కసారిగా వేగము తగ్గించినప్పుడు మాత్రము కారు వెనుకభాగము లేచి, బయటి చక్రము లోపలికి ముడుచుకొని, పట్టు తప్పును. ఇంగ్లండువారు 1970లో స్పిట్‌ఫైర్‌కు కమాను కట్టలో ఒక పట్టీని మాత్రమే గట్టిగా బిగించి, తక్కినవానిని నడుమ త్రాసుకోలవలె ఊగనిచ్చి ఈ దోషమును చాలవరకు సవరించిరి. మద్రాసువారు వేరు దారి పట్టిరి. హెరాల్డు తరువాత 1972లో తెచ్చిన గెజెల్ కారునకు ఆ విడి యిరుసులను తీసివేసి, బండికివలె ఒకే ఇరుసు పెట్టిరి. వెనుకకు పోయినట్లు తోచును గాని, మన బాటలకు, మన మేస్త్రీల చేతికి అదియే తగినదని వారు తలచిరి. నేను దానిని తప్పుపట్టను.

ఈ కథ నాకెందుకని మీరు అడుగవచ్చును. నేడు మన పల్లెలలోను కుఱ్ఱవారు కార్ల స్ప్రింగులను ఇంటనే మార్చుచున్నారు. మా అన్నగారి మనుమడు మొన్నటి సంక్రాంతికి వచ్చి, తన చిన్నకారును పందెపు కారువలె చేయవలెనని మా పెరటిలో పనికి పూనుకొనెను. పొట్టివి, మిక్కిలి గట్టివి నాలుగు స్ప్రింగులు తెచ్చినాడు. షాక్ అబ్జార్బర్లేవి యని నేనడిగితిని. "పాతవే చాలును చిన్నతాతయ్యా, స్ప్రింగు గట్టిదైతే కారు ఊగదు" అనెను. స్ప్రింగు ఎంత గట్టిదో అంత బలముగా వెనుకకు తన్నును. దానిని అణచు నూనెగొట్టము పాతదైనచో కావడి క్రొత్తవాని భుజమునకెక్కినట్లే గదా యంటిని. పందెపు మైదానము అద్దమువంటిది. అచ్చట గట్టి స్ప్రింగు చక్రమును నేలకు అదిమిపట్టును. మన కాలువగట్టు రోడ్డున ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క మురుగు, నడుమ గుంటలు. అదే స్ప్రింగు ఇచ్చట చక్రమును నేలమీదినుండి ఎగురగొట్టును. ఎగిరిన క్షణమున ఎదుట మలుపున్నచో కారు పోవునది కాలువలోనికే. అట్లు పోయిన కార్లను పైకి లాగుచుండగా మనము చూచియున్నాము.

అతడు తెలివిగలవాడు. పని నిలిపివేసి, స్ప్రింగులకు సరిపడు షాక్ అబ్జార్బర్లు తెప్పించి, పది దినములకు మరల వచ్చినాడు. అరుగుమీద కూర్చుండి నేనంతయు చూచితిని. జాకీని నమ్మక కారును ఇనుప స్టాండులమీద నిలిపెను. నేలనున్న చక్రములకు దిమ్మెలు అడ్డుపెట్టెను. స్ప్రింగునకు ఇరువైపుల మరలు తగిలించి, సమముగా బిగించి, అది లొంగిన పిమ్మటనే పైనట్టును విప్పెను. లొంగని స్ప్రింగుపై నట్టు విప్పుట నారి బిగించిన వింటికి ముఖము పెట్టుట వంటిది, ప్రాణము తీయును. కారును ఇంకను క్రిందికి దింపవలెనని మిత్రుడొకడు గ్యాసుమంటతో స్ప్రింగు చుట్టు కోయుమని సలహా చెప్పగా మా ఊరి కమ్మరి నవ్వెను. నిప్పు తగిలిన చోట ఉక్కు పదును పోవునని అతనికి ఎవరును చెప్పనక్కరలేదు; లారీ కమాను పట్టీలతో కత్తులు చేయువాడతడు. రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రము కారు తన చక్రములమీద నిలిచిన తరువాతనే తుదిసారి బిగించవలెనట. గాలిలో నుండగా బిగించినచో దిగినప్పుడు రబ్బరు మెలిపడి త్వరలో చిట్లును. ఈ సంగతి నాకు క్రొత్త.

మరునాడు రాజమహేంద్రవరము పోయి చక్రముల కోణములను సరిచూపించుకొని వచ్చినాడు. స్ప్రింగు ఎత్తు మారినచో ఆ కోణములు మారకుండవు. ఇంకొక మాటయు చెప్పితిని. 1988నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను వాహనములో చేయు మార్పులనుగూర్చి నియమములు పెట్టినది. ఏ మార్పు దానిక్రిందికి వచ్చునో రవాణా కార్యాలయమున ముందే అడిగి తెలిసికొనుట మేలు. పాత స్ప్రింగులను అతడు పారవేయలేదు. నూనె పూసి, గోనెగుడ్డ చుట్టి, మా గాదె ప్రక్కన పెట్టి పోయినాడు.