సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ

పొట్టలోని క్యాన్సర్ బొడ్డుకు పాకినప్పుడు అక్కడ చేతికి తగిలే గట్టి ముద్దను వైద్యులు సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ అంటారు. క్లోమం (పాంక్రియాస్) క్యాన్సర్‌లోనే కాక జీర్ణాశయం, పెద్దపేగు, అండాశయ క్యాన్సర్లలోనూ ఇది కనిపిస్తుంది. క్లోమ క్యాన్సర్ చర్మానికి పాకడం అరుదు. పాకితే మాత్రం ఎక్కువగా బొడ్డు దగ్గరే బయటపడుతుంది. క్లోమం జీర్ణాశయం వెనక లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడి కణితి, ముఖ్యంగా తోక భాగంలోది, చాలాకాలం జాడ తెలియనివ్వదు. కొందరిలో రోగాన్ని పట్టిచ్చే మొదటి గుర్తు ఈ గడ్డే.

బొడ్డు కణితుల గురించి 19వ శతాబ్దంలోనే కొందరు వైద్యులు రాశారు. అయినా వాటిని లోపలి క్యాన్సర్‌కు సూచనగా గుర్తుపట్టిన ఘనత ఒక నర్సుకు దక్కింది. ఆమే సిస్టర్ మేరీ జోసెఫ్, అసలు పేరు జూలియా డెంప్సీ. 1856లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, 1878లో ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల మఠంలో చేరారు. మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో ఆ మఠం 1889లో తెరిచిన సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, మరుసటి ఏడాది నుంచి 1915 వరకు సర్జన్ విలియం మేయోకు ఆపరేషన్లలో సహాయకురాలిగా పనిచేశారు. 1892 నుంచి 1939లో కన్నుమూసేదాకా ఆ ఆసుపత్రి సూపరింటెండెంట్ కూడా ఆమే.

ఆపరేషన్‌కు ముందు రోగి పొట్టను కడిగి శుభ్రం చేయడం ఆమె పనుల్లో ఒకటి. అలా చేస్తుండగా కొందరి బొడ్డులో గట్టి ముద్ద వేళ్లకు తగిలేది. వాళ్ల పొట్ట తెరిచి చూస్తే క్యాన్సర్ అప్పటికే పాకి ఉండేది. ఆమె ఆ సంగతి మేయోకు చెప్పారు. ప్యాంటు గుండీలా ఉండే బొడ్డు గురించి మేయో 1928లో రాశారు. గడ్డకు ఆమె పేరు పెట్టింది ఇంగ్లండ్ సర్జన్ హామిల్టన్ బెయిలీ, అప్పటికి 1949. ఓపికగా, శ్రద్ధగా పనిచేసిన ఆ చేతులకు ఈ గౌరవం పూర్తిగా తగినదే, ఆలస్యంగా దక్కినా.

క్యాన్సర్ కణాలు బొడ్డుకు చేరే దారి ఒకటే కాదు. పొట్ట లోపలి పొర నుంచి నేరుగా పాకవచ్చు. రక్తనాళాలు, శోషరస నాళాలు, పిండదశ నాటి బంధనాల వెంట కూడా రావచ్చు.

చూడ్డానికి హెర్నియాలా, చీము గడ్డలా ఉండడంతో పొరబడడం తేలిక. మామూలు హెర్నియా నొక్కితే లోపలికి పోతుంది, ఇది పోదు. ఒక్కోసారి పైచర్మం ఎర్రబడి పుండవుతుంది. మొదట కనిపించిందని దీన్ని తొలి దశగా భావించకూడదు. క్లోమ క్యాన్సర్‌లో ఈ గడ్డ వచ్చిందంటే వ్యాధి నాలుగో దశకు చేరినట్టే. అప్పుడు ఆపరేషన్‌తో నయం చేయడం సాధారణంగా కుదరదు, కీమోథెరపీయే ప్రధాన చికిత్స. అయితే గడ్డ చర్మం దగ్గరే ఉండడంతో అక్కడి నుంచే సూదితో కణాలు తీసి పరీక్షించవచ్చు. చాలామందికి క్లోమం దాకా సూది పంపే అవసరం అలా తప్పుతుంది.