నూట పది నిమిషాల పరుగు

1976 ఆగస్టు. అమెరికాలో లాంగ్ ఐలాండ్. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో సీసం పలకల చాటున ఒక గాజు సీసా.

అడుగున కాస్త ద్రవం, అంతే. జపాన్ నుంచి వచ్చిన తత్సువో ఇదో అనే కెమిస్టు తయారుచేశాడు. నిజానికి అదొక రకం చక్కెర. గ్లూకోజ్‌లో ఒక చోట ఆక్సిజన్‌ని పీకేసి, ఆ ఖాళీలో రేడియోధార్మిక ఫ్లోరిన్‌ని కూర్చోబెట్టారు. ఎఫ్‌డీజీ అన్నారు. ఆ ఫ్లోరిన్‌కి ఆయుష్షు తక్కువ. 110 నిమిషాలకి సగం అయిపోతుంది. ఇంకో 110 నిమిషాలకి, మిగిలినదాంట్లో సగం. దానికోసం ఎదురుచూస్తున్న వాళ్లేమో ఫిలడెల్ఫియాలో ఉన్నారు. మధ్యలో న్యూయార్క్ మహానగరం.

రోడ్డు పట్టుకుంటే సగానికి పైగా దారిలోనే పోతుంది.

సీసా సీసపు డబ్బాలోకి దిగింది. డబ్బా చిన్న విమానమెక్కింది. కింద ఊళ్లూ నదులూ వెనక్కి పోతుంటే, డబ్బాలో ఒక్కో అణువూ పేలి ఆరిపోతుంటే, విమానం దిగీ దిగగానే ఆ డబ్బాని అందుకుని ఆస్పత్రికి పరిగెత్తించడానికి అవతల మనుషులు గడియారం చూసుకుంటూ కూర్చుంటే, పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆస్పత్రిలో అబ్బాస్ అలవీ అనే ఇరాన్ డాక్టరు సూది పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మంచం మీద ఏ జబ్బూ లేని వలంటీరు. అప్పటిదాకా ఏ మనిషి ఒంట్లోకీ ఎక్కని మందు అది.

అంత దూరం ఎందుకు? కథ మూడేళ్ల వెనక మొదలైంది. లూయీ సొకొలోఫ్ అనే శాస్త్రవేత్త జంతువుల మెదడు చక్కెరని ఎక్కడెక్కడ ఎంత తాగుతోందో కొలిచే దారి కనిపెట్టాడు. కాకపోతే మెదడుని కోసి చూడాలి. మనిషిని కోయలేం. బయటినుంచే కనిపించే చక్కెర కావాలి. 1973లో అలవీ, ఆయన సహచరులు మార్టిన్ రైవిచ్, డేవిడ్ కూల్ కూర్చుని ఆలోచించారు. కార్బన్-11 పెడితే? దానికి 20 నిమిషాలే సగం ఆయువు. విమానం ఎక్కేలోపే అయిపోతుంది. బ్రూక్‌హేవెన్‌లో ఆల్ఫ్రెడ్ వుల్ఫ్, జొయన్నా ఫౌలర్‌ల బృందం ఫ్లోరిన్-18 వైపు మొగ్గింది. రెండూళ్ల మధ్య దూరమే మందుని ఎంచిందన్నమాట.

సూది దిగింది. మెదడు వెలిగింది. మెదడుతో ఆగకుండా ఒళ్లంతా కూడా తీశారు. రొమ్ము క్యాన్సర్ ఊసే లేదు ఆ రోజు. దానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

క్యాన్సర్ కణం తిండిబోతని 1920లలోనే ఆటో వార్‌బర్గ్ చెప్పాడు. పక్క కణాలకన్నా ఎక్కువ చక్కెర లాగుతుంది. ఎఫ్‌డీజీని కూడా చక్కెరే అనుకుని మింగుతుంది. మింగాక అరగదు, బయటికీ పోదు. లోపలే చిక్కుకుని వెలుగుతుంది. 1991లో మిషిగన్‌లో రిచర్డ్ వాల్ బృందం రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఈ సూది వేసి ఫలితాలు అచ్చువేసింది. గడ్డ వెలిగింది. గడ్డనుంచి పారిపోయి వేరేచోట దాక్కున్నవీ వెలిగాయి.

అప్పుడు మందు పెట్టిన ఆ పరుగు ఇప్పుడు ఉత్తరాంధ్రలో మనిషి పెడుతోంది.

లెక్క వేసి చూడండి. విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు. విశాఖలో బయల్దేరిన డోసు శ్రీకాకుళం చేరేసరికి సగం, పలాస చేరేసరికి పావు. అందుకే స్కానరు ఎక్కడుంటే మనిషి అక్కడికే వెళ్లాలి.

పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషిని ఒకర్ని అనుకుందాం. యాభై దాటింది. ఎడమ రొమ్ములో గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చంకలో రెండోది తగిలాక కూతురికి చెప్పింది. మామోగ్రామ్ అయింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే. తేలనిది ఒక్కటే. ఎంత దూరం పాకింది?

తెల్లారకముందే పలాస స్టేషను. కడుపులో రాత్రి తిన్న అన్నమే. నౌపడ దాటింది. శ్రీకాకుళం రోడ్డు దాటింది. విజయనగరంలో ఇడ్లీ, వడ, పొగలు కక్కే టీ కిటికీ దగ్గరికే వచ్చి పిలిచాయి. కూతురు తల అడ్డంగా ఊపింది. ఏం తిన్నా రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఒంట్లో అసలు చక్కెర పొంగితే దొంగ చక్కెరకి గిరాకీ ఉండదు, గడ్డ బొమ్మలో మసకబారుతుంది. ఆకలి సంగతి అలా ఉంచితే, బండి 40 నిమిషాలు లేటు.

విశాఖలో డోసు తన లెక్కన తాను తరిగిపోతోంది.

సెంటర్ గుమ్మం మీద బోర్డు. న్యూక్లియర్ మెడిసిన్. కూతురు పైకి చదివింది. తల్లి ఆగిపోయింది.

"ఏటే అమ్మీ, కొవ్వాడలో కడతామన్నారే, ఆ అణుదేనేటి?"

"అది కరెంటుకే అమ్మా. ఇది సూదిమందు."

తల్లి నమ్మలేదు. రణస్థలం దగ్గర కొవ్వాడలో ఆరు రియాక్టర్ల మాట ఏళ్లుగా వింటున్న జిల్లా అది. అణు అంటే భూములు పోవడమే గుర్తొస్తుంది.

లోపల మొదటి ప్రశ్న. "క్రియాటినిన్ చేయించారా?" కిడ్నీల పరీక్ష అది, పలాస అనగానే ఎవరైనా అడిగేదే. పలాస ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి విశాఖలో తెలియని డాక్టరు ఉండడు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి సీటీలో ఎక్కించే అయోడిన్ మందన్నా, ఎంఆర్ఐలో ఎక్కించే గడోలినియమన్నా భయం. ఎఫ్‌డీజీకి ఆ బాధ లేదు. చిటికెడు కూడా కాదు అది.

రెండో ప్రశ్న. "ఏ వైపమ్మా గడ్డ?"

"ఎడమేపు బాబూ."

"అయితే కుడి చెయ్యి ఇవ్వండి."

సూది దగ్గర చుక్క కారినా ఆ పక్క చంకలో గ్రంథి వెలిగి, లేని క్యాన్సర్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని ఎప్పుడూ అవతలి చెయ్యే. టెక్నీషియన్ గడియారం చూశాడు. 40 నిమిషాల్లో ఐదో వంతుకి పైగా పోయింది. సీసాలోంచి ఇంకాస్త ఎక్కువ లాగి, కొలిచే యంత్రంలో పెట్టి, అంకె చూసి, సీసపు తొడుగున్న సిరంజితో వచ్చాడు.

తర్వాత గంటసేపు గది. దుప్పటి కప్పారు. చలేస్తే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు వెచ్చదనం కోసం చక్కెర లాగేసి, అక్కడ గడ్డలున్నట్టు బొమ్మలో పడుతుంది. మాట్లాడొద్దన్నారు. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి. పిక్కలు ఒలుస్తూ రోజంతా కబుర్లాడే మనిషికి ఆ గంట సూదికన్నా కష్టం.

పుస్తెలు, ముక్కుపుడక తీసి కూతురి చేతిలో పెట్టింది. బల్ల మీద పడుకుంది. చేతులు తలపైకి. బల్ల కదిలింది. ఒంట్లో ఫ్లోరిన్ నుంచి పాజిట్రాన్ ఎగిరి పక్కనున్న ఎలక్ట్రాన్‌ని ఢీకొంటుంది. రెండూ మాయం. వాటి బదులు రెండు గామా కిరణాలు, ఎదురెదురు దిక్కులకి, ఒకే క్షణంలో. చుట్టూ ఉన్న వలయం ఆ జంటల్ని పట్టుకుని, ఎక్కడ పుట్టాయో గీత గీసుకుంటూ పోతుంది. లక్షల గీతలు. అవే బొమ్మ.

తెర మీద మెదడు వెలిగింది. అది ఎప్పుడూ వెలిగేదే. మూత్రాశయం వెలిగింది. ఎడమ రొమ్ము వెలిగింది. చంక వెలిగింది. డాక్టరు వేలు కిందికి జరుపుతున్నాడు. వెన్నుపూస ఇంకా రాలేదు.

అందరికీ ఈ స్కాన్ అక్కర్లేదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి. చిన్న గడ్డని ఇది చూడలేకపోవచ్చు. మొదట్లో పట్టుకోవడానికి మామోగ్రామే దిక్కు. అసలు ఎముకలు చూడ్డానికి ఇంతకన్నా చవకైనది ఇంకొకటుంది, టెక్నీషియం. దాని సగం ఆయువు ఆరు గంటలే. అయినా ఎంత దూరమైనా వస్తుంది, ఎందుకంటే తల్లిని వెంటేసుకుని వస్తుంది. తల్లి మాలిబ్డినం, 66 గంటలకి గానీ సగం కాదు. ముంబై నుంచి ఆ పెట్టె వస్తే, ఆస్పత్రిలో పొద్దున్నే ఆవుని పితికినట్టు పితుక్కుంటారు. నవ్వులాటకి కాదు, ఆ పెట్టెని వాళ్లు నిజంగా ఆవనే పిలుస్తారు. ఎముకల స్కానుకి అదే. ఆపరేషన్‌లో చంకలోని మొదటి గ్రంథి ఏదో వెతికిపెట్టేదీ అదే. సెస్టామిబి అనే మందుతో కలిపి, మామోగ్రామ్ తేల్చలేని దట్టమైన రొమ్ములో గడ్డని చూపించేదీ అదే.

డాక్టరు వెన్ను దగ్గర ఆగాడు. వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకి. కాలేయం చూశాడు. ఊపిరితిత్తులు చూశాడు.

"బాగా నీళ్లు తాగండి. ఇవాళ చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు" అని టెక్నీషియన్ పంపేశాడు. రిపోర్టు మర్నాడు. ఆ రాత్రి తల్లీకూతుళ్లు విశాఖలోనే ఉండిపోయారు.

క్యాన్సర్ డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. రొమ్ములో ఉంది. చంకలో ఉంది. ఎముకల్లో లేదు, కాలేయంలో లేదు.

"ముందు కీమో. గడ్డ తగ్గాక ఆపరేషన్."

"ఎన్నిసార్లు రావాలండీ?"

"21 రోజులకోసారి." కేలెండర్ తిప్పి తారీకులు రాయడం మొదలుపెట్టాడు. మొదటిది సోమవారం. పొద్దున్న పలాస బండికి వస్తే చాలు, ఈసారి తినేసి రావచ్చన్నాడు.