కర్ర ప్రొపెల్లర్: ఒమాన్ సింధుశాఖ నుంచి తీగల విమానం దాకా

1940 మార్చి 1న ఇరాన్ తీరంలోని జాస్క్ నుంచి షార్జాకు బయలుదేరిన హానిబాల్ అనే విమానం ఒమాన్ సింధుశాఖ మీద కనుమరుగైపోయింది. అందులో 8 మంది ఉన్నారు. విమాన శకలం గానీ, మనిషి గానీ, టపా సంచి గానీ ఈనాటికీ దొరకలేదు. ప్రయాణికులలో ఒకరు మద్రాసు రాజకీయాలలో పేరున్న సర్ ఎ. టి. పన్నీర్‌సెల్వం. 1937లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు ప్రధానిగా నడిచిన మూడున్నర నెలల తాత్కాలిక మంత్రివర్గంలో హోం, ఆర్థిక శాఖలు చూసింది ఆయనే. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా నియమితుడై, ఆ పదవి చేపట్టడానికి వెళుతున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో వైమానికుడిగా కీర్తి గడించిన హెరాల్డ్ విస్లర్ మరో ప్రయాణికుడు.

కారణం తేలలేదు. ఇంధనం అయిపోయి ఉంటుందన్నారు, ఇంజన్లు వరుసగా ఆగిపోయి ఉంటాయన్నారు, విమానం గాలిలోనే విరిగి ఉంటుందన్నారు. ఇంకొక ఊహ కూడా ఉంది: పక్షి తగిలి ప్రొపెల్లర్ దెబ్బతిన్నది, ఆ అదురుకు ఇంజనో రెక్కో ఊడిపోయింది. రుజువు లేదు గనుక దీన్ని ఊహగానే ఉంచాలి. అయితే అసంభవమైన ఊహ కాదు. 1931 ఆగస్టులో ఇదే హానిబాల్ క్రాయ్‌డన్ నుంచి పారిస్ వెళుతుండగా ఎడమవైపు కింది ఇంజన్ చెడి, దాని ముక్కల దెబ్బకు పై ఇంజన్‌నూ తగ్గించవలసి వచ్చి, కెంట్‌లోని పొలాలలో దిగింది. తోక ఊడిపోయింది గానీ ప్రాణనష్టం లేదు.

హాండ్లీ పేజ్ 42 రకానికి చెందిన ఈ విమానాలకు ఒక్కోదానికి నాలుగు జూపిటర్ ఇంజన్లు, ప్రతి ఇంజన్‌కూ నాలుగు రెక్కల కర్ర ప్రొపెల్లర్. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా సాగే ఈ భారీ విమానాలు 1932 నుంచి సింధుశాఖ అరేబియా తీరం వెంట బహ్రెయిన్, షార్జా, గ్వాదర్ మీదుగా కరాచీ చేరేవి. ఇప్పుడు పాకిస్తాన్ పటంలో కనిపించే గ్వాదర్ ఆనాడు మస్కట్ సుల్తాను సొత్తు. 1958లో పాకిస్తాన్ కొనుక్కునేదాకా ఒమాన్ భూభాగమే. కనుక ఒమాన్ ఇసుకలో కర్ర ప్రొపెల్లర్ తిరిగిన కథ నిఘంటువులలో వెతకవలసినది కాదు, ప్రయాణాల టైమ్‌టేబుల్‌లోనే ఉంది.

అప్పటి ఇంజనీర్లు కర్రను లోహం దొరకక వాడలేదు. రైట్ సోదరులు 1903లో స్ప్రూస్ పలకలు మూడింటిని అతికించి, చేతిగొడ్డలితో, చెక్కుడు కత్తితో ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు చెక్కుకున్నారు. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్క అని గ్రహించి లెక్కకట్టడమే వారి ఘనత. ఆ తరువాత వాల్‌నట్, మహాగని పలకలు వచ్చాయి. కర్ర తేలిక, అదురును మింగుకుంటుంది, మాటిమాటికీ వంగినా లోహంలా అలిసిపోదు. మొదటి స్పిట్‌ఫైర్ 1936 మార్చిలో ఎగిరినప్పుడు దాని ముక్కుమీద ఉన్నది రెండు రెక్కల కర్ర ప్రొపెల్లరే.

దాని లోపమూ అక్కడే ఉంది. కర్ర ప్రొపెల్లర్ పిచ్ చెక్కిన రోజే ఖాయమైపోతుంది. పిచ్ అంటే మెత్తటి పదార్థంలో మర దిగినట్టుగా ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఎంత ముందుకు సాగగలదో ఆ కొలత. పైకి లేచేటప్పుడు తక్కువ పిచ్ కావాలి, వేగంగా సాగేటప్పుడు ఎక్కువ కావాలి. గేర్లు లేని సైకిల్ లాంటిది ఈ బాధ. ఎగురుతుండగానే పిచ్ మార్చుకోగల లోహపు ప్రొపెల్లర్లు 1930లలో రావడంతో పెద్ద విమానాలలో కర్ర యుగం తగ్గుముఖం పట్టింది. వాతావరణం కూడా కర్రకు పడేది కాదు. తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. నడుమ బిగించిన బోల్టులు వదులవుతాయి. ఇసుక అంచులను కొరికేస్తుంది. అందుకే రెక్క అంచులకు ఇత్తడి తొడుగు వేసేవారు.

సరిగ్గా ఈ సంవత్సరాలలోనే, ప్రపంచానికి అవతలి వైపున, కర్ర ప్రొపెల్లర్‌కు రెండో జన్మ దొరికింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఓబా సెయింట్ క్లెయిర్ అనే యువకుడు 1937 ప్రాంతంలో మిస్ షర్లీ అనే నమూనా విమానాన్ని తీగలకు కట్టి తన చుట్టూ తిప్పి ఎగరేశాడు. అదే రాష్ట్రంలో పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ ఇలాంటి పద్ధతినే యు-కంట్రోల్ పేరిట వ్యాపారంగా మలిచాడు. 1940లో ఫైర్‌బాల్ అనే కిట్‌ను అమ్మకానికి పెట్టాడు, 1942లో పేటెంట్ పొందాడు. తరువాత లెరాయ్ కాక్స్ అనే తయారీదారుపై వేసిన దావాలో సెయింట్ క్లెయిర్ విమానమే ముందుదని తేలి, 1955లో వాకర్ ఓడిపోయాడు. వాకర్‌ను దొంగగా చిత్రించే కథనాలున్నాయి గానీ అవి అన్యాయం. ఆ క్రీడను వీధివీధికీ చేర్చిన ప్రచారం ఆయనదే.

కంట్రోల్ లైన్ విమానంలో రేడియో ఉండదు. ఎగరేసేవాడి చేతిలో ఒక పిడి, దాని నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు, ఆ తీగల చివర విమానం. పిడిని పైకి వంచితే ఒక తీగ లాగబడి తోకమీది పలక లేస్తుంది, విమానం పైకి పోతుంది. కిందికి వంచితే దిగుతుంది. తీగ బిగువుగా ఉన్నంతసేపే మనిషి మాట విమానం వింటుంది. బిగువు సడలితే వినే చెవి పోయినట్టే. మన దేశంలో ఎన్‌సీసీ వైమానిక విభాగపు కేడెట్లు ఎగరేసినవీ ఇలాంటివే.

ఈ క్రీడలో ప్రొపెల్లర్ ఎంపిక రెండు అంకెలతో మొదలవుతుంది. 10×6 అంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 6 అంగుళాలు. 1940ల చివర వచ్చిన ఫాక్స్ 35 వంటి 5.7 సీసీల ఇంజన్‌కు తరతరాలుగా జోడీ కట్టింది ఈ కొలతే. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. తీగల పొడవు 19 మీటర్లయితే ఒక చుట్టు సుమారు 119 మీటర్లు. చుట్టుకు 5 సెకన్లు పడితే ఎగరేసేవాడికి తల తిరగదు, తీగ సడలదు. అంటే సెకనుకు 24 మీటర్ల వేగం. 6 అంగుళాల పిచ్‌తో నిమిషానికి 9500 చుట్లు తిరిగితే సరిగ్గా అదే వేగం వస్తుంది. నిజానికి గాలి కొంత జారిపోతుంది గనుక ఇంజన్ మరికాస్త తిరగాలి. పిచ్ 4 అంగుళాలైతే అదే వేగానికి 14,000 దాటాలి. వేగంగా తిరిగే కొత్తరకం ఇంజన్లకు అది సరిపోతుంది గానీ పాత ఫాక్స్‌కు కాదు. పిచ్ 7కు పెంచి వ్యాసం తగ్గిస్తే విమానం పరుగు తీస్తుంది, పల్టీలలో మాత్రం పట్టు తప్పుతుంది. పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ కిందికి దూకేటప్పుడు బ్రేకులా పనిచేస్తుంది. గాలి వీచేచోట వరుస పల్టీలలో విమానం వేగం పుంజుకుంటూ పోకుండా ఆపేది ఈ గుణమే. సాయంత్రం సముద్రపు గాలి వీచే మస్కట్ తీరంలో పిచ్ ఒక అంగుళం తగ్గించడం తెలివైన పని.

అంకెల తరువాత పదార్థం. బీచ్ లేదా మేపుల్ కర్రతో చేసిన ప్రొపెల్లర్ బరువు, గాజునార కలిపిన నైలాన్‌తో చేసిన అదే కొలత దానిలో ఇంచుమించు సగం. తేలికగా ఉంటే ఇంజన్‌కు సుఖమనేది పైపై కారణం. అసలు కారణం బొంగరంలో ఉంది. వేగంగా తిరిగే బరువైన వస్తువును ఒక దిక్కుకు వంచితే అది అడ్డంగా మరో దిక్కుకు తిరుగుతుంది. విమానం ముక్కును చటుక్కున కిందికి తిప్పినప్పుడు ప్రొపెల్లర్ ముక్కును ఎడమకు, అంటే తీగలు పట్టుకున్నవాడి వైపుకు తోస్తుంది. బిగువు సడలే క్షణం అదే. ప్రొపెల్లర్ ఎంత బరువైతే ఆ తోపు అంత ఎక్కువ. చతురస్రాకారపు పల్టీలు కొట్టేవారు దశాబ్దాలుగా కర్రను వదలకపోవడానికి ఇది గట్టి కారణం. షికాగోలోని టాప్ ఫ్లైట్ వంటి సంస్థలు మేపుల్ ప్రొపెల్లర్లతోనే పేరు తెచ్చుకున్నాయి. కర్రకు మరో సౌకర్యం ఉంది: ఉప్పుకాగితం చేతిలో ఉంటే దాని కొలతను ఎవరైనా మార్చుకోవచ్చు. అయితే బరువు తక్కువైన ప్రొపెల్లర్‌తో ఇంజన్ చేత్తో తిప్పి మొదలుపెట్టడం కొంచెం కష్టం, వెనక్కి తన్నడమూ ఎక్కువ.

ఒమాన్‌లో కర్రను ఎంచుకోవడం కొత్త విద్య కాదు. సూర్ పట్టణపు వడ్రంగులు మలబారు టేకుతో ఓడలు కట్టారు. 1980లో టిమ్ సెవెరిన్ చైనా ప్రయాణానికి సొహార్ అనే కుట్టు ఓడను అక్కడే కట్టించినప్పుడు మలబారు నుంచే అయిని కర్ర తెప్పించాడు. నీటిలో నానే ఓడకు పనికివచ్చే కర్ర వేరు, గాలిలో తిరిగే రెక్కకు పనికివచ్చేది వేరు. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి ఉలికి వెన్నలా లొంగుతుంది, కాని ప్రొపెల్లర్‌కు బొత్తిగా మెత్తన. కావలసింది సూటిగా సాగే నార, ముడులు లేని దట్టమైన కర్ర. రెక్కను వెలుతురుకు పెట్టి చూసినప్పుడు నార రెక్క కొసదాకా పోకుండా అంచు నుంచి ఏటవాలుగా బయటికి జారితే ఆ ప్రొపెల్లర్‌ను అంగడిలోనే వదిలేయాలి.

మస్కట్ తీరపు ఉక్కబోతలో తూకం సరిచూసిన ప్రొపెల్లర్‌ను నిజ్వా పొడి ఎండకు తీసుకుపోతే తూకం మారవచ్చు, బిగించిన నట్టు వదులు కావచ్చు. అందుకే కొసలూ నడిమి రంధ్రమూ సహా వార్నిష్ పట్టించాలి, ఊరు మారినప్పుడల్లా తూచి, బిగించాలి. వేడి ఇంకో లెక్క అడుగుతుంది. 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలి కన్నా పదో వంతు పలుచన. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్కకు ఆనే గాలి తగ్గుతుంది, పైగా అదే విమానం నిలబడడానికి ఐదు శాతం ఎక్కువ వేగం కావాలి. ఈ మూడింటిలో మొదటి దాన్ని మాత్రమే గమనించి చిన్న ప్రొపెల్లర్ పెట్టేవారు తరచు నిరాశపడతారు. తెల్లవారుజామున ఎగరేయడం అన్ని పట్టికల కన్నా మేలు.

తూకం ఎందుకింత ముఖ్యం? ఒక రెక్కలో, ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో, ఒక్క గ్రాము ఎక్కువైతే 9500 చుట్ల దగ్గర అది ఇరుసును దాదాపు 10 కిలోల బరువంత బలంతో లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు 158 సార్లు దిక్కు మారుస్తుంది. హానిబాల్ విషయంలో ఊహించిన ప్రమాదానికి ఇది బుల్లి నమూనా. పెద్ద విమానంలో ప్రొపెల్లర్ విరగడం అంటే ఇంజన్‌ను మోసే చట్రమే చీలిపోవచ్చు. తీగల విమానంలో లెక్క తలకిందులవుతుంది. ముక్కు నేలకు కొట్టుకున్నప్పుడు కర్ర రెక్క పుటుక్కున విరిగి, క్రాంక్‌షాఫ్ట్‌ను కాపాడుతుంది. ఒమాన్ గులకరాళ్ళ నేలమీద దిగేవారికి ఇది రోజువారీ బేరం. అమెరికా నమూనా విమాన సంఘపు భద్రతా నియమావళి లోహపు రెక్కలను నిషేధిస్తుంది.

వేలి విషయంలో మాత్రం కర్రకు దయ లేదు. 10 అంగుళాల ప్రొపెల్లర్ కొస గంటకు 450 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సెకనులో నూరో వంతు లోపల వేలు వెనక్కి తీసుకున్నా ఈలోగా రెక్క మూడుసార్లు తగిలి ఉంటుంది. చర్మం మీద పక్కపక్కనే గీతలు గీసినట్టు వరుస కోతలు పడతాయి. పైకి చిన్నగా కనిపించే కోత కింద స్నాయువు తెగి ఉండవచ్చు. వేలు వంచగలగడం, చాచగలగడం, కొసలో స్పర్శ ఉండడం చూడకుండా కుట్టువేయించుకుని ఇంటికి పోకూడదు. మొదలుపెట్టడానికి వేలికి బదులు రబ్బరు చుట్టిన కర్రముక్క చాలు. కొత్త ప్రొపెల్లర్ వెనక అంచు కత్తిలా ఉంటే కాస్త గుండ్రం చేయాలి. ఇంజన్ తిరుగుతుండగా దాని ముందుగానీ పక్కన రెక్కల వరుసలోగానీ నిలబడకూడదు. సూదిని సవరించేది వెనకనుంచే. నేలను తాకిన ప్రొపెల్లర్‌ను ప్రతిసారీ గోటితో అంచు వెంట తడిమి చూడాలి. వెంట్రుకవాసి చీలిక తగిలినా జిగురు వేసి వాడకూడదు. మళ్ళీ ఎవరూ తీసి బిగించకుండా రెండుగా విరిచి పారేయాలి.