నవహోల చుర్రో గొర్రె

ఉత్తర అమెరికాలో స్థిరపడ్డ తొలి పెంపుడు గొర్రె చుర్రో. స్పెయిన్‌లోని చుర్రా దీనికి మూలం. మెత్తని ఉన్నినిచ్చే మెరీనోలను స్పెయిన్ ప్రభువులు దేశం దాటనీయలేదు. సామాన్య రైతులు పెంచుకునే చుర్రాలే ఓడలెక్కాయి. 1540లో స్పెయిన్ సేనాని కొరొనాడో దండు వెంట గొర్రెలు తిండి కోసం నడిచివచ్చాయి. మందలు నిలదొక్కుకున్నది మాత్రం 1598లో స్పెయిన్ వలసనేత ఓన్యాతే వెంట వచ్చినవారు న్యూ మెక్సికోలో కాపురాలు పెట్టాకే. తర్వాతి శతాబ్దంలో కొంత వర్తకం వల్ల, కొంత దాడుల వల్ల ఇవి ఆ ప్రాంతపు మూలవాసులైన నవహోల చేతికి వచ్చాయి.

ఎడారి మెట్టభూమికి ఈ గొర్రె బాగా సరిపోయింది. పలచని గడ్డితో, కొద్దిపాటి నీటితో బతుకుతుంది. కొన్ని పొట్టేళ్లకు నాలుగు కొమ్ములుంటాయి. ఒంటి మీద రెండు వరుసల బొచ్చు: పైన పొడవైన ముతక వెంట్రుక, లోపల మెత్తని ఉన్ని. ఉన్నిలో జిడ్డు తక్కువ. నీటికి కటకటలాడే చోట ఇదే అసలు వరం, పెద్దగా ఉతక్కుండానే ఏకి, కదురు మీద వడకవచ్చు. తెలుపు, నలుపు, గోధుమ, బూడిద రంగులు పుట్టుకతోనే వస్తాయి.

నిలువు మగ్గం మీద నేయడం నవహోలు పొరుగు ప్యూబ్లో ప్రజల దగ్గర నేర్చారని చరిత్రకారులు అంటారు. సాలెపురుగు అమ్మ నేర్పిందని నవహోల గాథలు చెబుతాయి. వంశం తల్లి వైపు నుంచి లెక్కించే ఈ సమాజంలో మందలో పెద్ద భాగం ఆడవారి సొత్తు. మాంసం, ఉన్ని, అమ్మకానికి కంబళ్లు అన్నీ దాని నుంచే. గొర్రే బతుకు అనే మాట నవహోల్లో నేటికీ ఉంది.

అందుకే అమెరికా సైన్యం మందలపై పడింది. 1863–64లో కిట్ కార్సన్ సేనలు పైర్లు కాల్చి, గొర్రెలను చంపి నవహోలను లొంగదీశాయి. వేలమందిని వందల మైళ్లు నడిపించి బోస్క్ రెడాండో శిబిరంలో బంధించారు. కొన్ని కుటుంబాలు మాత్రం లోయల్లో మందలతో దాక్కున్నాయి. 1868 జూన్ 1 నాటి ఒప్పందంలో 15,000 గొర్రెలు, మేకలు కొనిస్తామని ప్రభుత్వం రాసిచ్చింది. మందలు మళ్లీ పెరిగాయి.

రెండో దెబ్బ మేలుచేసే పేరుతో తగిలింది. అధికారులు ఉన్ని, మాంసం దిగుబడి కోసం రాంబూయే జాతి పొట్టేళ్లను మందల్లోకి దింపారు. వాటి ఉన్ని పొట్టి, జిడ్డు ఎక్కువ; మిల్లుకు పనికొచ్చినా చేతి కదురుకు లొంగదు. 1930లలో అమెరికా ఇండియన్ వ్యవహారాల కమిషనర్ జాన్ కాలియర్ కాలంలో మందల కుదింపు వచ్చింది. నేల కోతకు గురై ఆ మట్టి కొలరాడో నది మీది బౌల్డర్ డ్యామ్ (నేటి హూవర్ డ్యామ్) వెనక మేట వేస్తుందన్న భయం అందుకు ఒక కారణం. మేత నిజంగానే అరిగిపోయింది. కానీ జరిపిన తీరు దారుణం: తరలించడానికి ఖర్చని ఎన్నో మేకలను అక్కడే కాల్చిపారేశారు. కాలియర్ తెచ్చిన తెగల స్వపరిపాలన చట్టాన్ని 1935లో నవహోలు ఓటుతో తిరస్కరించడానికి ఈ కోపమే ముఖ్య కారణం. విచిత్రమేమంటే, అదే దశకంలో ఫోర్ట్ వింగేట్‌లో ప్రభుత్వమే పెట్టిన గొర్రెల పరిశోధనశాల చేనేతకు పాత రకం ఉన్నే మేలని తేల్చింది.

1970ల నాటికి అచ్చమైన చుర్రోలు కొన్ని వందలకు పడిపోయాయి. లైల్ మెక్‌నీల్ అనే పశుశాస్త్రజ్ఞుడు 1977లో నవహో గొర్రెల ప్రాజెక్టు ప్రారంభించి, మారుమూల లోయల్లో మిగిలిన గొర్రెలను ఏరి, పెంచి, పిల్లలను నవహో కుటుంబాలకు తిరిగి అందించాడు. పెంపకందార్ల సంఘం 1986లో ఏర్పడింది. ఈనాడు ఇవి వేలల్లో ఉన్నాయి, అయినా అరుదైన జాతుల జాబితా నుంచి ఇంకా బయటపడలేదు.