పెట్టినవాణ్ణి దింపడం

కొన్నేళ్ళ క్రితం మా మామగారిని ఇండియా విమానం ఎక్కించడానికి షికాగో ఓహేర్ విమానాశ్రయానికి వెళ్ళాం. టెర్మినల్ బయట ఓ నలభై యాభై మంది పైలట్లు, నల్ల కోట్లు, టోపీలు, కోటు చేతుల మీద బంగారు రంగు చారలతో సహా, అట్టలు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. నినాదాలు లేవు, అరుపులు లేవు. గుళ్ళో ప్రదక్షిణ చేస్తున్నట్టు ఒకరి వెనక ఒకరు.

మామగారు సామాను బండి ఆపేశారు. ఆయన ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేశారు. అందులో సగం పైగా డిపో యూనియన్ పనుల్లోనే గడిపిన మనిషి.

"వీళ్ళకీ యూనియన్ ఉందా అల్లుడుగారూ?"

"ఉందండీ. చాలా పెద్దది."

"మరి సమ్మె చెయ్యక ఈ నడకేమిటి?"

నాకు తెలిసినంత చెప్పాను. ఈ దేశంలో విమానాల వాళ్ళు అనుకున్న రోజున సమ్మెకి దిగడానికి లేదు. ముందు మధ్యవర్తిత్వం జరగాలి. ఇక కుదరదని ప్రభుత్వ మధ్యవర్తి బోర్డు వదిలిపెట్టాక మరో ముప్ఫై రోజులు ఆగాలి. అంతవరకూ ఇలా నడవడమే.

"బాగానే ఉంది. వీళ్ళ లీడరెవరు? ఎలా ఎన్నుకుంటారు?"

నేను నీళ్ళు నమిలాను. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఎన్నిసార్లు విమానం ఎక్కానో లెక్కలేదు, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఆయన వెళ్ళిపోయాక లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివిన కొద్దీ అది మనకి బాగా తెలిసిన కథలాగే అనిపించింది.

ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, పొట్టిగా ఆల్పా, పుట్టింది మా ఊళ్ళోనే. 1931 జులైలో షికాగో మోరిసన్ హోటల్లో వేర్వేరు కంపెనీల పైలట్లు కొందరు రహస్యంగా కలుసుకున్నారు. రహస్యం ఎందుకంటే, సంఘం పెడుతున్నారని తెలిస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు. అవి ఆర్థిక మాంద్యం రోజులు. విమానం నడపడం వచ్చినవాళ్ళు రోడ్ల మీద బోలెడంతమంది. పొగమంచైనా మంచు తుఫానైనా టపా సంచులు చేరవలసిందే. 'ఈ వాతావరణంలో నేను ఎగరను' అన్న పైలట్ బదులు ఎగరడానికి ఇంకొకడు సిద్ధంగా ఉండేవాడు. అందుకే ఆ సంఘం మొదటినుంచీ పట్టుకున్న నినాదం జీతం గురించి కాదు. వేళ పాటించాలి, కానీ భద్రతతో అన్నది వాళ్ళ మాట.

దీన్ని నిలబెట్టినవాడు డేవిడ్ బెంకీ. విస్కాన్సిన్ పల్లెటూరివాడు. సైన్యంలో విమానం నేర్చుకుని టపా విమానాలు నడిపి, తరవాత యునైటెడ్‌గా మారిన కంపెనీలో పైలట్‌గా ఉన్నాడు. పెద్ద చదువు లేదు, మాటకారీ కాదు. ఉన్నదల్లా మొండితనం. ఆ ఏడాదే తన సంఘాన్ని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లో చేర్చాడు. మేము కెప్టెన్లం, కూలీలం కాము అనుకునే పైలట్లని బొగ్గుగని కార్మికుల పక్కన కూర్చోబెట్టడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. మనలో సాఫ్ట్‌వేర్ వాళ్ళని 'మీరూ కార్మికులే' అని చూడండి, ఎంత కోపం వస్తుందో.

మర్నాడే అన్నట్టు పరీక్ష వచ్చింది. 1932లో సెంచురీ ఎయిర్‌లైన్స్ యజమాని ఇ.ఎల్. కార్డ్ పైలట్ల జీతాలు కోసేస్తానన్నాడు. ఒప్పుకోనివాళ్ళని బయటికి పంపించాడు. బెంకీ వాషింగ్టన్ వెళ్ళి కాంగ్రెస్ సభ్యుల తలుపులు తట్టాడు. న్యూయార్క్‌కి చెందిన లాగార్డియా, అవును, ఇప్పుడు ఆ విమానాశ్రయానికి ఎవరి పేరుందో ఆయనే, కార్డ్‌ని సభలో దుమ్మెత్తిపోశాడు. ఆ ఏడాదే కార్డ్ కంపెనీని వదిలించుకున్నాడు.

రెండేళ్ళ తరవాత, 1934లో, జాతీయ కార్మిక బోర్డు ఎనభై మూడో నిర్ణయం అని పేరుపడిన తీర్పు ఇచ్చింది. పైలట్ నెలకి ఎనభై అయిదు గంటలకి మించి ఎగరకూడదు. విమానం వేగం పెరిగితే జీతంలో దాని వాటా పైలట్‌కీ రావాలి. ఇందులో కిటుకు ఉంది. రేపు రెట్టింపు వేగంతో పోయే విమానం వస్తే అదే దూరానికి సగం గంటలే పడతాయి. గంటకింత అని మాత్రమే లెక్క కడితే యంత్రం బాగుపడిన కొద్దీ మనిషి జీతం తగ్గుతుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా కార్మికుడు ఎందుకు నష్టపోవాలి అన్నదే బెంకీ వాదన. 1936లో రైల్వే కార్మిక చట్టాన్ని విమానాలకి కూడా వర్తింపజేయించడం వెనకా ఆయన పట్టుదలే ఉంది. ఓహేర్‌లో మేం చూసిన ఆ మౌన ప్రదక్షిణకి మూలం ఆ చట్టమే.

ఇక్కడిదాకా ఇది వీరగాథ. యుద్ధం అయిపోయాక కథ మారింది.

సంఘం పెద్దదయింది. ప్రతి కంపెనీతో విడివిడిగా ఒప్పందం. ప్రతి ఒప్పందం మీదా అధ్యక్షుడి సంతకం ఉండాలి. బెంకీ ఎవరికీ పని అప్పగించలేడు. ప్రతి వాక్యం తనే దిద్దాలి. కాగితాలు ఆయన బల్ల మీద నెలల తరబడి ఉండిపోయేవి. పాత జీతంతో కొత్త నాలుగింజన్ల విమానాలు నడుపుతున్నవాళ్ళకి ఓపిక నశించింది. 1946లో ట్రాన్స్ వరల్డ్ పైలట్ల సమ్మె, 1948లో నేషనల్ ఎయిర్‌లైన్స్‌లో నెలల తరబడి సాగిన సమ్మె. వీటి మధ్య మనిషి అలిసిపోయాడు, అనుమానం పెరిగింది. తనని ప్రశ్నించినవాడల్లా కంపెనీ మనిషే అనిపించింది. సంఘాలు పెట్టినవాళ్ళకి ఈ జబ్బు వస్తుంది. అమెరికాలో మన తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవాళ్ళకి వేరే ఉదాహరణలు అక్కర్లేదు.

1951 జులైలో షికాగోలో ప్రతినిధులు సమావేశమై బెంకీని దించేశారు. ఆయన ఆఫీసు వదల్లేదు. కోర్టుకెక్కాడు. కొంతకాలం ఎవరు అసలు అధ్యక్షుడో తేల్చవలసిన పని జడ్జీల మీద పడింది. చివరికి బెంకీయే ఓడాడు. 1953లో చనిపోయాడు.

ఇది చదువుతుంటే నాకు 1995 ఆగస్టు గుర్తొచ్చింది. హైదరాబాదులో టాంక్‌బండ్ దగ్గర హోటల్లో మకాం వేసిన ఎమ్మెల్యేలు, తాను పెట్టిన పార్టీ తన చేతుల్లోంచి పోతుంటే రామారావుగారి ముఖం, అయిదు నెలలకే ఆయన పోవడం. రెండూ ఒకటే అనను. పార్టీ వేరు, సంఘం వేరు, దించినవాళ్ళ ఉద్దేశాలు వేరు. కానీ ఆ రాత్రుల్లో ఫోన్ల మీద వార్తలు విన్న మనబోటివాళ్ళకి బెంకీ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దించినవాళ్ళది తప్పా? నా మటుకు నాకు కాదనిపిస్తుంది. జీతం ఆగిపోయిన పైలట్‌కి కృతజ్ఞత కూడు పెట్టదు. కానీ దించిన పద్ధతి బెంకీని కోర్టు గుమ్మానికి చేర్చింది. ఇరవై ఏళ్ళ పాటు నాయకుణ్ణి మార్చే అవసరమే రాని సంఘానికి, మార్చడం ఎలాగో తెలియదు.

బెంకీ స్థానంలో వచ్చినవాడు క్లారెన్స్ సేయన్. బ్రానిఫ్‌లో కోపైలట్, భూగోళశాస్త్రం చదువుకున్నవాడు, ముప్ఫైలు దాటుతున్న కుర్రాడు. పెట్టినవాడు పోరాటయోధుడు, వచ్చినవాడు ఆఫీసు నడపగలిగినవాడు. జెట్ విమానాలు వచ్చింది ఈయన హయాంలోనే. 1960లో ప్రభుత్వం అరవై ఏళ్ళు నిండిన పైలట్ కంపెనీ విమానం నడపకూడదని నిబంధన తెస్తే సంఘం కోర్టుకెళ్ళి ఓడిపోయింది. జెట్ కాక్‌పిట్‌లో మూడో కుర్చీ పైలట్‌దా, ఇంజనీరుదా అన్న తగాదాలో సంఘమే చీలింది. సేయన్ 1962లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు.

సేయన్ చావు సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 1965 ఆగస్టు 16 రాత్రి న్యూయార్క్ నుంచి షికాగో వస్తున్న యునైటెడ్ బోయింగ్ 727 మిషిగన్ సరస్సులో కూలిపోయింది. అందులో ఉన్న ముప్ఫైమందీ పోయారు. ప్రయాణికుల్లో సేయన్ ఒకడు.

ఇక మామగారి రెండో ప్రశ్న, ఎలా ఎన్నుకుంటారు అన్నది. మన ఆర్టీసీలో గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగితే ప్రతి కార్మికుడూ ఓటు వేస్తాడు. ఇక్కడ సామాన్య పైలట్ జాతీయ అధ్యక్షుడికి నేరుగా ఓటు వెయ్యడు. తను పనిచేసే స్థావరంలో తన ప్రతినిధుల్ని ఎన్నుకుంటాడు. ఒక కంపెనీ ప్రతినిధులంతా కలిస్తే ఆ కంపెనీ పైలట్ల మండలి. అన్ని కంపెనీల ప్రతినిధులూ కలిస్తే బోర్డు. ఆ బోర్డు రెండేళ్ళకోసారి కూర్చుంటుంది, నాలుగేళ్ళకోసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. ప్రతినిధి వెనక ఎంతమంది సభ్యులుంటే ఆయన ఓటుకి అంత బరువు. కాబట్టి డెల్టా, యునైటెడ్ వంటి పెద్ద కంపెనీల పైలట్లు ఎటు మొగ్గితే తరాజు అటు వంగుతుంది. చిన్న కంపెనీల వాళ్ళకి ఈ గుణుగుడు ఎప్పుడూ ఉన్నదే.

ఈ ఎన్నికలో అసలు చిక్కు అర్థం కావాలంటే సీనియారిటీ నంబరు అర్థం కావాలి. గ్రీన్ కార్డు క్యూలో మనవాళ్ళకి ప్రయారిటీ డేటు ఎలాంటిదో పైలట్‌కి అది అలాంటిది. ఏ విమానం, ఏ ఊరు, ఏ నెల సెలవు, పండగనాడు ఇంట్లోనా ఆకాశంలోనా, కెప్టెన్ కుర్చీ ఎప్పుడు, అన్నీ ఆ నంబరే చెబుతుంది. కంపెనీ మారితే పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడైనా క్యూ చివరికి పోవాలి. ఇప్పుడు రెండు కంపెనీలు కలిశాయనుకోండి. రెండు క్యూలని ఒకటిగా కలపాలి. ఎవడి ముందు ఎవడు? ఇద్దరూ ఒకే సంఘం సభ్యులు, ఒకే అధ్యక్షుడికి చందా కడుతున్నవాళ్ళు. ఆ అధ్యక్షుడు ఏ వైపు మాట్లాడినా రెండోవైపు శత్రువే.

2006లో ఇదంతా ఒక్కసారి మీద పడింది. 2001 సెప్టెంబరు తరవాత కంపెనీలు వరసగా దివాలా కోర్టుకెక్కాయి. 2005లో యునైటెడ్ పెన్షన్లు ప్రభుత్వ బీమా సంస్థ మీద పడేసింది. మరుసటి ఏడాది డెల్టా పైలట్ల పెన్షను పోయింది. జీతాలు భారీగా కోతపడ్డాయి. ఎనిమిదేళ్ళుగా అధ్యక్షుడుగా ఉన్న డ్యువేన్ వర్త్‌ని ఆ అక్టోబరులో ప్రతినిధులు ఓడించి కాంటినెంటల్ పైలట్ జాన్ ప్రేటర్‌ని తెచ్చారు. 1983లో కాంటినెంటల్‌లో జరిగిన, రెండేళ్ళు సాగి ఓడిపోయిన సమ్మెలో నిలబడ్డవాడు. పోగొట్టుకున్నది తిరిగి తెస్తాడని ఆశ.

తెచ్చాడా అంటే, కొంచెమే. పెన్షన్లు పోయిన పెద్దవాళ్ళు అరవై దాటాక కూడా ఎగురుతామన్నారు. వాళ్ళు దిగకపోతే మాకు కెప్టెన్ కుర్చీ ఎప్పుడని చిన్నవాళ్ళు. మొదట్లో అరవై ఏళ్ళ నిబంధన మీద కోర్టుకెళ్ళిన సంఘమే తరవాత ఏళ్ళ తరబడి దాన్ని సమర్థించింది. 2007 మేలో మళ్ళీ మాట మార్చింది, డిసెంబరులో చట్టం అరవై అయిదు చేసింది. అదే 2007 మేలో యుఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ పైలట్ల జాబితాలని కలుపుతూ నికొలావ్ అనే మధ్యవర్తి తీర్పు ఇచ్చాడు. తూర్పువాళ్ళకి అది గొంతు దిగలేదు. సంఖ్యలో వాళ్ళే ఎక్కువ కాబట్టి 2008 ఏప్రిల్లో ఓటు వేసి సంఘాన్నే బయటికి పంపి కొత్తది పెట్టుకున్నారు. 2010లో ప్రేటర్ కూడా ఓడిపోయాడు, డెల్టా పైలట్ లీ మోక్ వచ్చాడు.

నన్ను ఆకట్టుకున్నది గెలిచినవాళ్ళ పేర్లు కాదు. 2006లోనూ 2010లోనూ ఓడినవాడు పదవీకాలం పూర్తి చేసుకుని కుర్చీ అప్పగించాడు. 2022 అక్టోబరులో జేసన్ ఆంబ్రోసిని ఎన్నుకున్నప్పుడూ అంతే, జనవరి ఒకటిన బాధ్యతలు మారాయి. బెంకీ రోజుల్లో జడ్జీలు చెయ్యవలసి వచ్చిన పని ఇప్పుడు క్యాలెండరు చేస్తోంది.

ఇదంతా ఓ ఆదివారం ఫోన్లో మామగారికి చెప్పాను. సీనియారిటీ దగ్గర "అదీ మాట" అన్నారు. బెంకీ దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఉన్నానండీ" అన్నారు. తరవాత ఆయనే చెప్పారు. వాళ్ళ డిపోలో యూనియన్ పెట్టిన పెద్దాయన ఈయన్ని సస్పెన్షన్ నుంచి బయటపడేశాడట. మామగారి మొదటి ఇంక్రిమెంటు ఆయన పోట్లాడి తెచ్చిందేనట. పదేళ్ళ తరవాత చందాల లెక్కలు చెప్పకుండా, మీటింగు పెట్టకుండా కూర్చుంటే, అందరూ చేతులెత్తి దించేశారు.

"మీరూ ఎత్తారా?"

"ఎత్తాను. ముందు వరసలో కూర్చున్నాను. ఆయన నా వేపే చూశాడు."

"తరవాత మాట్లాడుకున్నారా?"

"లేదు. పోయినప్పుడు మటుకు వెళ్ళాను. వెనకాల నుంచున్నాను."