కంప్యూటర్‌తో నస్తాలీఖ్ జిద్దు

ఉర్దూ కంప్యూటర్‌కు పనికొచ్చే జబాన్ కాదని మనవాళ్లలోనే కొందరు అంటుంటారు. అలా అనేవాళ్లు వాట్సాప్‌లో ఉర్దూని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాళ్లే. నా ఖయాల్ వేరు. చాలా కాలం పాటు కంప్యూటరే ఉర్దూకి పనికిరాలేదు. ఈ తారీఖ్ మన తెలుగు దోస్తులకు కూడా తెలిస్తే బాగుంటుంది. ఎందుకంటే ఇందులో వాళ్ల కష్టం కూడా కొంత ఉంది.

ముందు హర్ఫుల మిజాజ్ తెలియాలి. తెలుగు అక్షరం ఒత్తులూ గుణింతాలూ కలిసినప్పుడు రూపం మార్చుకుంటుంది గానీ, మొత్తానికి లైను మీద బుద్ధిగా కూర్చుంటుంది. ఉర్దూలో ఒక హర్ఫ్ పదం మొదట్లో ఒక షకల్‌లో, నడుమ ఇంకో షకల్‌లో, చివర మరో షకల్‌లో ఉంటుంది. అరబ్బులు అచ్చులో వాడే నస్ఖ్‌లో లెక్క దాదాపు ఇంతటితో ఆగుతుంది. నస్తాలీఖ్‌లో ఆగదు. పక్కన ఎవరున్నారో చూసి హర్ఫ్ తన వంపు మార్చుకుంటుంది. పదం కుడివైపు పైనుంచి మొదలై, ఎడమకు మెట్లు దిగినట్టు జారుతుంది. నుక్తాలు ఒకదానికొకటి తగలకుండా సర్దుకోవాలి. ఒక్క 'బే'కి ఎన్ని రూపాలని ఖుష్‌నవీస్‌ను అడిగితే, లెక్క చెప్పడు, ఖలమ్ తీసి రాయడం మొదలుపెడతాడు.

దీన్ని సీసంలో పోత పోయడం ఎలా? కలకత్తాలో 18వ శతాబ్దం చివర్లోనే చార్లెస్ విల్కిన్స్ నస్తాలీఖ్ టైపు తయారు చేశాడు. 1800లో మొదలైన ఫోర్ట్ విలియం కాలేజీ కితాబులు టైపులో అచ్చయ్యాయి. చదివేవాళ్ల కంటికి అది ఆనలేదు. మన హైదరాబాద్‌లో అవసరం ఇంకా ఎక్కువ. 1917లో దారుల్ తర్జుమా, మరుసటి ఏడాది ఉస్మానియా. సైన్సూ వైద్యమూ ఉర్దూలో చదివించాలంటే కితాబులు గుట్టలుగా కావాలి. నిజాం హయాంలో ఇక్కడా నస్తాలీఖ్ టైపు కోసం కోషిష్ జరిగింది. అదీ నిలబడలేదు. ఇరాన్‌వాళ్లు అచ్చు కోసం నస్ఖ్‌తో సర్దుకున్నారు. తుర్కులైతే 1928లో రస్మ్-ఉల్-ఖత్‌నే మార్చేసుకున్నారు. ఉర్దూవాళ్లు మాత్రం జిద్దు వదల్లేదు.

వాళ్లను ఆదుకున్నది రాయి. రాతి మీదికి చేతిరాతను దింపి అచ్చువేసే లితో పద్ధతి జర్మనీలో పుట్టింది, హిందుస్తాన్‌లో ఇల్లు కట్టుకుంది. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్ ఉర్దూ, ఫార్సీ, అరబీ కితాబులను ఇంటింటికీ చేర్చింది దీనితోనే. యజమాని హిందువు, లోపల ముసల్మాన్ కాతిబులు. ఈ సంగతి ఈ రోజుల్లో ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదు.

అలా ఉర్దూ అఖ్బార్ అంటే చేత్తో రాసిన అఖ్బారే అయింది. తెలుగు పత్రికలో కంపోజిటర్ అక్షరాలు ఏరి పేర్చుతుంటే, ఉర్దూ పత్రికలో కాతిబ్ మొత్తం పేజీ రాసేవాడు. ఆఫ్‌సెట్ వచ్చాక కూడా బటర్ పేపర్ మీద కితాబత్ సాగింది. రాత్రి ఆలస్యంగా ఖబర్ వస్తే కాతిబ్ ఉన్నాడా, వెళ్లిపోయాడా అన్నదే అసలు సవాల్. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా చేతిరాతతోనే నడిచింది. ఆఖరి నిమిషం ఖబర్ కోసం మొదటి పేజీలో ఓ మూల ఖాళీ ఉంచేవారు.

ఈ గోడ బద్దలైంది కరాచీలో. మీర్జా అహ్మద్ జమీల్‌ది ఖుష్‌నవీసీ తెలిసిన చేయి, ప్రింటింగ్ వ్యాపారం. ఆయన ఆలోచన సాదాసీదాది. అక్షరాలను కలపడం యంత్రానికి నేర్పలేకపోతే, కలిపేసిన ముక్కలనే దానికి ఇచ్చేద్దాం. రెండు, మూడు, నాలుగు హర్ఫులు కలిసిన జోడింపులు సుమారు 20,000 తయారయ్యాయి. బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీ వాటిని తన లేజర్ కంపోజింగ్ యంత్రంలోకి ఎక్కించింది. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో జంగ్ పత్రిక లాహోర్ ఎడిషన్ ఈ రాతతో బయటికొచ్చింది. యంత్రం రాసింది, కానీ కాతిబ్ రాసినట్టే ఉంది. నిజానికి కాతిబ్ రాసిందే, అందరి కోసం ఒకేసారి.

ఆ ఒకేసారిలో వందల మంది రోజీ పోయింది. ఉర్దూ సాఫ్ట్‌వేర్ గురించి ముచ్చటపడేవాళ్లు ఈ మాట దాటేస్తారు.

ఆ యంత్రం పెద్ద పత్రికలు మాత్రమే కొనగలిగేది. గల్లీలో షాదీ కార్డులు కొట్టే దుకాణం దాకా నస్తాలీఖ్‌ను తెచ్చింది ఢిల్లీవాళ్లు. 1994లో కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌ను తెచ్చింది, లోపల అదే నూరీ నస్తాలీఖ్. పాకిస్తాన్‌లో పుట్టిన రాత, హిందుస్తాన్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్, సరిహద్దుకు రెండు వైపులా దొంగ కాపీలు. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు ముల్కుల మధ్య ఏ ఝగడా లేదు.

అయితే ఇన్‌పేజ్‌లో ఒక చిక్కుంది. దాని ఫైలు దానికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. అందుకే ఉర్దూ అఖ్బార్లు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు వార్తను అక్షరాలుగా కాదు, తస్వీర్‌గా పెట్టాయి. కంటికి నస్తాలీఖ్ కళకళలాడుతోంది. కానీ ఒక పదం కాపీ చేయలేం, వెతకలేం. గూగుల్‌కు అది గోడ మీది బొమ్మతో సమానం. బీబీసీ ఉర్దూ మాత్రం నస్ఖ్ ఫాంటుతో సర్దుకుని యూనికోడ్‌లో రాసింది. అందం తక్కువని చాలామంది ముఖం చిట్లించారు. నా లెక్కలో ఆ పని చేసినవాళ్లే జబాన్‌కు మేలు చేశారు.

తెలుగు డీటీపీ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అను ఫాంట్లలోనూ తెలుగు రూపాలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కిరాయికి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరవండి, పిచ్చి గీతలు కనబడతాయి. యూనికోడ్ అసూల్ దీనికి ఉల్టా. హర్ఫ్‌కు నంబరు ఒకటే, వంపులూ షకల్‌లూ ఫాంటు చూసుకుంటుంది. 2008లో వచ్చిన జమీల్ నూరీ నస్తాలీఖ్ అదే పని చేసింది. పాత జోడింపులను యూనికోడ్ నంబర్లకు అతికించింది. తర్వాత విండోస్ 8లో, గూగుల్ నోటోలో, 2017లో ఐఫోన్‌లో నస్తాలీఖ్ వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే ఐఫోన్‌ను తెలుగు పడగొట్టింది, గుర్తుందా? 'జ్ఞా'ను ఒకానొక పద్ధతిలో కోడ్ చేసి మెసేజ్ పంపితే యాప్ కూలిపోయేది. ఇల్మ్ అనే మాట తెలుగులో మొదలయ్యే అక్షరమే అది! కొన్ని రోజుల్లో బాగుచేశారనుకోండి. మనలాంటి లిపులను సరిగ్గా పరీక్షించకుండా వదిలితే ఏమవుతుందో ఆ వారం లోకమంతా చూసింది.

ఇప్పుడు రాయడానికి బహానా లేదు. ఫోన్‌లో కీబోర్డు ఉంది, ఫాంటు ఉంది. మిగిలింది పాత సామాను. 1994 తర్వాత కంపోజ్ చేసిన అఖ్బార్లు, రిసాలాలు, షాయరీ సంకలనాలు ఎన్నో ఇన్‌పేజ్ ఫైళ్లుగా పాత హార్డ్ డిస్కుల్లో పడున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒకరు కూర్చుని తప్పులు దిద్దాలి, దానికి తన్ఖా ఇవ్వాలి. అక్కడే పని ఆగుతోంది. ఆనాటి తస్వీర్ పేజీల్లో ఒక మనిషి పేరు వెతకాలంటే ఇవాళ్టికీ తారీఖు తర్వాత తారీఖు తెరిచి, కుడి నుంచి ఎడమకు, కళ్లతోనే వెతకాలి.