తాపీ రేవు: దూరమూ వర్తకమూ

నేటి సూరత్ నగరం వెలసిన తాపీనదిపై, క్షత్రపుడు నహపానుని అల్లుడు ఉషవదాతుడు సుంకంలేని నావలు నడిపించినట్లు నాసిక్ 10వ గుహ శాసనం తెలుపుతున్నది. భరుకచ్ఛ, శూర్పారకాలలో బాటసారులకు వసతిగృహాలనూ అతడు ఏర్పరచాడు.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ ప్రకారం భరుకచ్ఛం నుండి ప్రతిష్ఠానానికి 20 రోజుల ప్రయాణం. అక్కడినుండి తగరానికి మరి 10 రోజులు. అంత దూరమైనా ఆ దక్కన్ మహానగరాల మణిశిలలు, నూలుబట్టలు బండ్లపై ఆ రేవుకే చేరేవి. ప్రతిష్ఠానానికి కల్యాణి రేవే దగ్గర. కాని అక్కడికి వచ్చిన గ్రీకు నౌకలను కాపలాతో భరుకచ్ఛానికి మళ్లించేవారని అదే గ్రంథం చెబుతున్నది.

పెద్ద విపణి కోసం వర్తకుడు దూరాన్ని ఓర్చుకున్నాడు. ఇరుగుపొరుగు రాజ్యాల వైరం దగ్గరి రేవునూ దూరం చేసింది. భిక్షుసంఘానికి గుహను దానమిచ్చిన శాసనమే నది దాటే ఖర్చు తగ్గిన సంగతినీ నమోదు చేసింది. కనుక దానశాసనాలను వర్తకచరిత్రకు ఆధారాలుగానూ చదవవలసి ఉన్నది.